పావు చుట్టు

ఫిబ్రవరి 9

మామయ్యకి,

నేను బాగున్నాను, నువ్వు బాగుండే ఉంటావు, ఆ తంతు అయిపోయింది. ఇక అసలు సంగతికి వస్తాను.

ఫోన్ ఎందుకు చేయడం లేదని అత్తయ్య బెంగపడుతోందట. చేశాను కదా! నేను అరిచింది నీకు తప్ప మా హాస్టల్లో అందరికీ వినపడింది. ఇన్నేళ్ళు ఇనుము కోసిన చెవులకి ఫోను పనికిరాదని ఇకనైనా ఒప్పుకో. పోనీ అత్తయ్యతో చెబుదామంటే, సగం మింగేసి "బాగానే ఉందట" అని నీకు అందిస్తుంది. అందుకే కాగితం. కాగితం మీద అరిస్తే అక్షరం పోకుండా నీ దాకా వస్తుంది.

నా గొట్టం మా ఎలక్ట్రాన్ల మిషన్ ఉన్న సొరంగంలోకి వెళ్ళింది మామయ్యా! గొట్టమంటే నీళ్ళ గొట్టం అనుకునేవు. పల్చటి రాగి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఫర్నేసులో పెట్టి, ఒకే కడ్డీలా అతికించినది. నా చేయంత పొడవు. ప్రతి బిళ్ళకీ నడుమ ఒక కన్నం. నా చిటికెన వేలు పెట్టి చూద్దామన్నా దూరదు. ఆ కన్నాల్లోంచి ఎలక్ట్రాన్లు గుంపులు గుంపులుగా పరిగెడతాయి, లోపలికి పంపే రేడియో అల వాటిని ముందుకి తోస్తుంది. అల ఎంత పొట్టిదైతే తోపు అంత బలంగా ఉంటుంది, కన్నం అంత ఇరుకు అవుతుంది. మాది బాగా పొట్టి అల.

ఆ బిళ్ళల్ని ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. ముట్టుకుంటే వేలిముద్ర దగ్గరే మెరుపు కొడుతుందట. నువ్వైతే అలవాటుగా ఉఫ్ అని ఊదేసి, చొక్కాకి తుడిచి, వెలుగులో పెట్టి చూస్తావు. ఇక్కడ ఉఫ్ అన్నావంటే మెడ పట్టి బయటికి పంపుతారు.

ఇంత కష్టపడి పేర్చి, అతికించి, తీసుకెళ్ళి, దిమ్మ మీద కూర్చోబెట్టి బోల్టులు బిగిస్తే, మా మేడమ్ వంగి అటునుంచి ఇటు ఒకసారి చూసి "హుఁ, చూద్దాం" అంది. సొరంగం మొత్తానికీ ఆవిడే పెద్ద. చూద్దామట! బాగుంది అంటే నోరు అరిగిపోతుందా? కాలేజీ మొహం చూడని పిల్ల, క్యాంటీన్లో పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్న పిల్ల పేర్చింది కాబట్టి "చూద్దాం". పక్క గొట్టం పేర్చిన డిగ్రీ అబ్బాయితోనూ "చూద్దాం" అనే అందనుకో. అయినా నాతో అన్న "చూద్దాం" వేరు. నాకు తెలుస్తుంది.

ఇంకోటి చెబితే కుర్చీలోంచి లేస్తావు. ఆ బిళ్ళలన్నీ ఒకేలా ఉండవు. ఒక్కోదాని కన్నం ముందుదాని కంటే వెంట్రుకవాసి తక్కువ. కావాలనే అలా కోస్తారు. ఎందుకో తర్వాత రాస్తాను, క్యాంటీన్ మూసేస్తున్నారు.

వెనక గదిలో నా చిన్న లేత్ మిషన్ మీద గుడ్డ కప్పే ఉంచుతున్నావా?

నీ చిటపట


ఫిబ్రవరి 17

చిటపటకి మామయ్య రాసేది,

నీ ఉత్తరం అందింది. అత్తయ్య చదివి వినిపిస్తానంటే వద్దన్నాను, మింగేస్తుందని నువ్వే రాశావు కదా అన్నాను. ఆ ముక్క నా భుజం మీదుగా తొంగి చూసి మరీ చదువుకుంది. రెండు పూటలు నాతో మాట లేదు. నాకూ కాస్త చెవులకి విశ్రాంతి దొరికింది, కాబట్టి నీకు కృతజ్ఞుణ్ణి.

బిళ్ళలన్నీ వేరువేరు అని చదివి నిజంగానే కుర్చీలోంచి లేచాను. ఇదేం పనే అమ్మడూ? మన షాపులో పది ముక్కలు కోస్తే ఒకదాని చోట ఇంకోటి పెట్టినా తేడా తెలియకూడదనేవాణ్ణి, గుర్తుందా? నువ్వు కోసిన మొదటి బుష్షులు చూసి, ఇవి అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి, కవలల్లా ఉండాలి అని తుక్కు డబ్బాలో పడేశాను. నువ్వు ఆ డబ్బాని కాలితో తన్నావు. డబ్బా మీద ఆ సొట్ట ఇంకా ఉంది. అలాంటి చేయి ఇప్పుడు కావాలని తేడాగా ఉన్న ముక్కలు పేరుస్తోందా? నాకో అనుమానం. వాళ్ళ మిషన్ అరిగిపోయి ఉంటుంది. అది కప్పిపుచ్చుకోడానికి "కావాలనే" అని నీకు చెప్పి ఉంటారు. పెద్ద పెద్ద చోట్ల ఇలాంటివి మామూలే. నువ్వు కాస్త కనిపెట్టి ఉండు.

సరే, నీ మేడమ్ చూస్తానంది కదా, చూడనీ. నేను అడిగేది ఒక్కటే. బోల్టులు నువ్వే బిగించానన్నావు. బిగించాక మన పావు చుట్టు ఇచ్చావా లేదా? ఎంత గొప్ప మిషనైనా చివరికి బోల్టు మీదే నిలబడాలి. ఇక చాలు అని అందరూ పానా కింద పెట్టే చోట, మనం ఇంకో పావు చుట్టు తిప్పుతాం. నా షాపు నుంచి వెళ్ళిన సరుకు వదులైందని వెనక్కి రాలేదంటే కారణం అదే, నా తెలివితేటలు కాదు. అది మర్చిపోకపోతే నీకు ఎవరి "బాగుంది"తోనూ పనిలేదు.

వెనక గది రేకులు కారుతున్నాయి. నీ లేత్ మిషన్ మీద గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పట్టా, పట్టా మీద అత్తయ్య ఆరేసిన బట్టలు ఉన్నాయి.

మామయ్య


ఫిబ్రవరి 26

మామయ్యా,

వాళ్ళ మిషన్ అరగలేదు. నువ్వూ నేనూ జన్మలో చూడని మిషన్ అది, వజ్రం మొనతో కోస్తుంది. బిళ్ళల తేడా సంగతి ముందు చెబుతాను. తర్వాత నా ఏడుపు ఏడుస్తాను.

మన స్టోరు సందులో రెండు పక్కలా కొక్కేలకి చువ్వలు వేలాడేవి కదా. నువ్వు ముందు, నేను వెనక నడిచేవాళ్ళం. నువ్వు సరిగ్గా మధ్యలో నడిస్తే ఏ గొడవా లేదు. కాస్త పక్కకి ఒరిగావా, నీ భుజం ఓ చువ్వకి తగిలేది. నీకేం కాదు, నువ్వు దాటిపోయేవాడివి. ఆ చువ్వ ఊగి వచ్చి నా మూతి మీద కొట్టేది. నేను తప్పుకోబోయి అవతలి చువ్వకి తగిలేదాన్ని. సందు చివరికి వచ్చేసరికి నువ్వు ఈల వేస్తుండేవాడివి, నేను నుదురు రుద్దుకుంటూ నిన్ను తిడుతుండేదాన్ని.

మా గొట్టంలోనూ అంతే. ఎలక్ట్రాన్ల గుంపు కన్నానికి నట్టనడుమ పోకుండా ఓ పక్కగా పోయిందంటే, దాని ముందు భాగం బిళ్ళల్లో ఒక ఊపు వదిలిపెట్టి పోతుంది. ఇక్కడ దాన్ని వేక్‌ఫీల్డ్ అంటారు. ఆ ఊపు గుంపు తోకని పక్కకి తన్నుతుంది, వెనక వచ్చే గుంపుల్నీ తన్నుతుంది. బిళ్ళ బిళ్ళకీ ఊగుడు పెరిగిపోయి చివరికి తోక వెళ్ళి గోడకి కొట్టుకుంటుంది. సందు ఎంత ఇరుకైతే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. ఇప్పుడు చువ్వలన్నీ ఒకే పొడవు అనుకో, అన్నీ ఒక్కసారే ఊగి, ఒక్కసారే నా మూతి మీదికి వస్తాయి. పొడవులు వేరైతే ఒకటి ఇటొచ్చేటప్పుడు ఇంకోటి అటు పోతుంది, మొత్తం మీద నాకు తగిలేది తక్కువ. అందుకే బిళ్ళలు అక్కాచెల్లెళ్ళు. కవలలైతే కొంప మునుగుతుంది.

ఇక ఏడుపు. మిషన్ మొదలుపెట్టారు. పొద్దున బ్రహ్మాండంగా నడుస్తుంది. పవర్ పూర్తిగా పెంచి కాసేపు నడిపారా, తోక ఊగడం మొదలు. ఎవరి గొట్టంలో? నా గొట్టంలో! ప్రతి బిళ్ళ పక్కనా చిన్న కిటికీ ఉంటుంది. మిగిలిన ఊపు అందులోంచి బయటికి పోయి ఒక నల్లటి పింగాణీ లాంటి ముక్కలో ఇంకిపోవాలి. అక్కడ ఒక వైరు తగిలించి తెర మీద చూస్తారు. గుంపు నట్టనడుమ పోతుంటే తెర మీద చప్పుడే ఉండదు. పక్కకి పోతే గోల. ఒక్కో బిళ్ళది ఒక్కో గొంతు కాబట్టి గోల ఎక్కడినుంచో కూడా పట్టేస్తారు. నా గొట్టానికి రెండు చివర్లా నిశ్శబ్దం, నడుములో సంతగోల. అంటే నడుము వంగిందట.

కొలతలాయన పొద్దున్నే వచ్చి కొలిచి, గీత గీసినంత తిన్నగా ఉందన్నాడు. విన్నారా అని నేను మేడమ్ మీదికి వెళ్ళాను. ఆవిడ నింపాదిగా "ఎలక్ట్రాన్లు అబద్ధం చెప్పవమ్మా" అంది. అంటే నేను చెబుతానా? లోపల అతుకు ఎక్కడో సరిగ్గా పట్టలేదేమో, వేడెక్కితే జరుగుతోందేమో అని ఆవిడ అనుమానం. ఆ అతుకు నాది! వచ్చే నెలాఖరుకి తేలకపోతే గొట్టాన్ని బయటికి తీసి, నడుముకి కోసి, అతుకు చూస్తారట. కోశాక అది తుక్కు. ఇంకో గొట్టం పేర్చడానికి నన్ను ముట్టుకోనిస్తారా? కోసిన రోజే నేను బ్యాగు సర్దుకుంటాను, చెబుతున్నా.

బోల్టుల సంగతి అడిగావు. ప్రతి బోల్టుకీ పావు చుట్టు ఇచ్చాను. నీ మేనకోడల్ని కానా నేను?

చిటపట


మార్చి 6

అమ్మడూ,

బ్యాగు సర్దేసుకో. వాళ్ళు కోసేదాకా ఎందుకు ఆగడం? మన పిల్లని అబద్ధాలకోరు అన్న చోట ఒక పూట కూడా ఉండక్కర్లేదు. నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున బాగుండి తర్వాత పాడైతే అతుకు తప్పవుతుందా? నడిపేవాడి తప్పు అవ్వాలి కానీ!

ఇక్కడ నీకేం లోటు లేదు. వెనక గది ఖాళీ చేయించాను. మంచం పట్టదేమో అని భయపడ్డాను కానీ, ఆ చిన్న లేత్ మిషన్ పక్క వీధి సైకిల్ షాపతనికి ఇచ్చేసేసరికి దర్జాగా పట్టింది. ఆ పాతదానితో నీకేం పని, వచ్చాక పెద్ద మిషన్ మీదే చేద్దువుగాని. కిటికీకి మెష్ కొట్టించాను. పైన పాత రేకులు తీయించి కొత్తవి వేయిస్తున్నాను. వాన చుక్క పడదు.

రైలు ఎప్పుడో రాయి. స్టేషన్‌కి నేనే వస్తాను.

మామయ్య

(చిన్నారీ, లేత్ మిషన్ తనే మోస్తానని పట్టుబట్టాడు, మీ మామయ్యకి నడుం పట్టేసింది. మందు రాస్తున్నాను. నేను ఏదీ మింగకుండా చెబుతున్నాను చూడు. దుప్పటి ఏ రంగు కొనను? అత్తయ్య.)


మార్చి 13

మామయ్యకి,

ఎవర్నడిగి ఇచ్చావు?

ఆ మిషన్ మీద నేను పని నేర్చుకున్నాను. దాని పిడి నా చేతికి అరిగింది, నీ చేతికి కాదు. మొదటి ఉత్తరంలో గుడ్డ కప్పి ఉంచుతున్నావా అని అడిగాను. నువ్వు గుడ్డ తీసి సైకిళ్ళవాడికి అప్పజెప్పావు. ఎందుకు? మంచం పట్టాలని!

అంటే నేను ఓడిపోయి వచ్చేస్తానని నువ్వు ముందే తేల్చేసుకున్నావన్నమాట. గొట్టం ఇంకా సొరంగంలోనే ఉంది. ఎవరూ రంపం ముట్టుకోలేదు. నాకు నచ్చని ఆ మేడమ్ కూడా ఇంకా "చూద్దాం" అనే అంటోంది. నువ్వు ఆ మాట కూడా అనలేదు. నేను కోపంతో బ్యాగు సర్దుతానంటే, నువ్వు నిజంగానే మంచం వేసేశావు. నా నోరు నీకు తెలియదా? సొట్టపడిన డబ్బా చూస్తూనే ఉన్నావుగా!

నిన్న గొట్టం నడుముకి ఎర్ర టేపు చుట్టారు. ఇక్కడ కోయాలని గుర్తు. దాన్ని చూస్తూ నిలబడి, ఇంట్లో నాకు దుప్పటి రంగు ఎంచుతున్నారని తలుచుకుంటే ఎలా ఉంటుందో నీకు చెప్పలేను.

నాకు మంచం వద్దు. దుప్పటీ వద్దు. స్టేషన్‌కి రావద్దు.

మీ మేనకోడలు


మార్చి 20

మేనకోడలుగారికి,

తమరి ఉత్తరం అందింది. "మీ" అని సంతకం పెట్టే స్థాయికి మేము ఎదిగినందుకు సంతోషం.

లేత్ మిషన్ గురించి నేను ఏమీ రాయను. రాస్తే నాకు కోపం వస్తుంది, నాకు కోపం వస్తే నీకు ఇంకా వస్తుంది, మధ్యలో పోస్ట్‌మాన్ చస్తాడు. అత్తయ్య రాయమంటోంది కాబట్టి రేకుల గురించి రాస్తాను. రేకులకి కోపం రాదు.

రేకులవాడు వచ్చి వేశాడు. నేనే దగ్గరుండి చేయించాను. ఒక చివర బిగిస్తాను, రెండో చివర కాస్త వదులుగా పట్టిస్తాను అన్నాడు. నా దగ్గరా ఆ బేరం? రెండు చివర్లా బిగించు, బిగించి ప్రతి బోల్టుకీ పావు చుట్టు ఇవ్వు అన్నాను. తల గోక్కుంటూ ఇచ్చాడు. ఆ సాయంత్రం చూస్తే అద్దంలా పరుచుకుంది. మర్నాడు మధ్యాహ్నం అన్నానికి కూర్చోగానే పైన ఢమ్మని చప్పుడు. బయటికి వెళ్ళి చూద్దును కదా, కొత్త రేకు నడుము ఒంటె వీపులా లేచి ఉంది! మనిషిని పంపి వాణ్ణి పిలిపించాను. వాడు తీరిగ్గా మర్నాడు పొద్దున్నే వచ్చాడు. పొద్దున రేకు ఎలా ఉంటుంది? మళ్ళీ అద్దంలా ఉంది. "తిన్నగానే ఉంది కదా పెద్దాయనా, మీకు కళ్ళు తిరిగాయేమో" అని వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నానికి మళ్ళీ ఢమ్. ఈసారి మధ్యాహ్నమే లాక్కొచ్చి చూపించాను. వాడు నవ్వి, ఎండకి రేకు సాగుతుంది, రెండు చివర్లూ పట్టేస్తే ఎటు పోతుంది, నడుమే లేపుతుంది, వదులు చేయనా అన్నాడు. నాకు బోల్టు పాఠం చెప్పేంతటివాడు అయ్యాడు వాడు! ముట్టుకోవద్దని పంపించేశాను. రోజూ మధ్యాహ్నం ఢమ్మంటోంది. అత్తయ్య రోజూ ఉలిక్కిపడుతోంది. నేను మాత్రం వదులు చేసేది లేదు.

ఇంతే రేకుల సంగతి. నీ గొట్టం కోశారా?

మామయ్య


మార్చి 28

మామయ్యా, మామయ్యా, మామయ్యా!

కోయలేదు! కోయరు! ఇక ఎప్పటికీ కోయరు! కుర్చీలో కూర్చో, వరసగా చెబుతాను.

నీ ఉత్తరం మొన్న క్యాంటీన్లో విప్పాను. "మేనకోడలుగారికి" దగ్గరే ముద్ద కంచంలో పడేశాను. చింపేద్దామనుకుని కూడా చదివాను. ఒంటె వీపు దగ్గర నవ్వొచ్చింది. పొద్దున అద్దం, మధ్యాహ్నం ఒంటె. పొద్దున వచ్చి చూసినవాడు తిన్నగా ఉందన్నాడు. అక్కడ నా చేయి ఆగిపోయింది. మా కొలతలాయన వచ్చేది పొద్దున్నే! మిషన్ ఆపి, చల్లబడ్డాక! ఎలక్ట్రాన్లు చూసేది పవర్ ఎక్కాక, రాగి వెచ్చబడ్డాక! ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. నేనూ చెప్పలేదు!

గొట్టానికి రెండు చివర్లా కాళ్ళు ఉంటాయి. ఒక కాలు కదలకుండా బిగించాలి. రెండో కాలు వేళ్ళతో తిప్పి వదిలేయాలి. రాగి వెచ్చబడి సాగితే ఆ కాలు అంతే మేరకి జారాలని. అలా చేయమనే నాకు చెప్పారు. వేళ్ళతోనే తిప్పాను కూడా. తిప్పాక నా చేయి నన్ను అడగలేదు మామయ్యా. పానా తీసుకుని పావు చుట్టు ఇచ్చేసింది. అన్నం తిన్నాక చేయి కడుక్కున్నట్టు. ఇచ్చానని నీకు గొప్పగా ఉత్తరం కూడా రాశాను! రెండు కాళ్ళూ పట్టేశాయి. రాగి సాగడానికి చోటు లేదు. ఏం చేస్తుంది? నడుము వంచింది. కంటికి కనపడేంత కాదు, వెంట్రుకలో చిన్న పాలు. మా ఇరుకు సందుకి అది చాలు.

కంచం అక్కడే వదిలేసి పరిగెత్తాను. మేడమ్ గదిలో నలుగురు కూర్చుని ఉన్నారు. రంపం మనిషి కూడా ఉన్నాడు. "అతుకు కాదు! కాలు! కాలు బిగిసింది! నేనే బిగించాను, మా మామయ్య పావు చుట్టు!" అని అరిచాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మేడమ్ ఒక్కతే లేచింది. "రెండో కాలా?" అంది. అంతే, ఇద్దరం సొరంగంలోకి నడిచాం. నడిచామంటున్నాను గానీ ఆవిడ నాకంటే ముందు పరిగెత్తింది.

ఆవిడ ఆ బోల్టు మీద వేలు పెట్టి తిప్పబోయింది. కదల్లేదు. పక్కనున్న పానా తీసింది. నేను తిట్లకి సిద్ధంగా నిలబడ్డాను, ఎదురు తిట్టడానికి కూడా సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ ఏమందో తెలుసా? "సంతకం పెట్టేముందు ఈ వేలు ఇక్కడ పెట్టాల్సింది నేను. జారే కాలు జారుతుందిలే అనుకున్నాను." తిట్టడానికి నాకేమీ మిగల్లేదు. పానా నా చేతికే ఇచ్చింది. వదులు చేస్తుంటే టిక్ అని చిన్న చప్పుడొచ్చింది. వేలి మెటిక విరిచినట్టు. అంత చిన్న చప్పుడుకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాగి దుమ్ము పడిందని చెప్పాను. అక్కడ దుమ్ము అనేది ఉండదని ఆవిడకి బాగా తెలుసు.

మర్నాడు పొద్దున మిషన్ వేశారు. పొద్దున బాగుంటుందని అందరికీ తెలుసు. పవర్ పెంచారు. రాగి వెచ్చబడింది. నేను తెర ముందు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. రోజూ గోల మొదలయ్యే వేళ అయింది, దాటింది. తెర మీద ఈ చివర నిశ్శబ్దం, ఆ చివర నిశ్శబ్దం, నడుములోనూ నిశ్శబ్దం. గీత ఇస్త్రీ చేసినట్టు పడుకుంది. తోక ఊగలేదు, ఏ గోడకీ తగల్లేదు. డిగ్రీ అబ్బాయి నా వీపు మీద ఒక్కటి చరిచాడు. నేనూ ఒకటి చరిచాను, పాపం కాస్త గట్టిగానే.

మేడమ్ నా వెనక నిలబడి వంగి, తెరని అటునుంచి ఇటు చూసింది. "హుఁ, చూశాం" అంది. అంతే. మామయ్యా, "బాగుంది" అన్నా నాకు ఇంత బాగుండేది కాదు. తర్వాత నన్నే వెళ్ళి ఎర్ర టేపు విప్పుకోమంది. విప్పి ఉండ చుట్టి జేబులో వేసుకున్నాను. వచ్చే గొట్టం పేర్చేది కూడా నేనే. ఆ పావు చుట్టు ఎవరు నేర్పారని అడిగింది. చెప్పాను. "ఆయన్ని పిలవండి, మన కాంక్రీటు దిమ్మలకి బోల్టులు బిగించాలి, అవి కదలకూడదు" అంది. నవ్వుతూనే అందిలే.

నా పోయిన ఉత్తరం చింపెయ్. మంచం గురించి అన్నవన్నీ చింపెయ్. లేత్ మిషన్ గురించి అన్నది మాత్రం చింపకు, ఆ కోపం ఇంకా ఉంది. రేకు రెండో చివర వదులు చెయ్యి. రేకులవాడు చెప్పాడని వద్దు, నేను చెబుతున్నానని చెయ్యి. అత్తయ్యని రోజూ ఎందుకు భయపెడతావు?

నీ నడుం ఎలా ఉంది? నీదీ పొద్దున తిన్నగా, మధ్యాహ్నం ఒంటెలా ఉందా?

నీ చిటపట (నీ, నీ, నీ)


ఏప్రిల్ 5

చిటపటా,

నీ ఉత్తరం నేను చదువుతుంటే అత్తయ్య భుజం మీదుగా తనూ చదివింది. ఇద్దరం ఒకేసారి "కోయలేదు" అన్నాం. తర్వాత ఆవిడ ముక్కు చీదుకుంది. నేను షాపులోకి వెళ్ళి ఉత్తినే పెద్ద మిషన్ వేసి కూర్చున్నాను. కోయడానికి ఏమీ లేకపోయినా కాసేపు తిరగనిచ్చాను. ఎన్నాళ్ళ నుంచో అన్నం సయించడం లేదు, ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆ పూట రెండోసారి పెట్టించుకున్నాను.

నువ్వు ఓడిపోతావనుకుని నేను మంచం వేయలేదే పిచ్చిదానా. నిన్ను ఎవరైనా ఏమైనా అంటే రావడానికి ఒక చోటు ఉండాలనుకున్నాను, అంతే. చోటు చేయబోయి నీ మిషన్ ఎత్తేశాను. నీ ఉత్తరం చింపలేదు. మంచం ముక్కని మడిచి పెట్టాను, లేత్ మిషన్ ముక్క మాత్రం విప్పే ఉంది.

రేకు వదులు చేశాను. రేకులవాడు చూస్తుండగా కాదు, వాడు ఊళ్ళో లేనప్పుడు. ఇప్పుడు మధ్యాహ్నం చప్పుడు లేదు. అలవాటైపోయి అత్తయ్య ఆ వేళకి ఇంకా ఉలిక్కిపడుతూనే ఉంది. ఇన్నేళ్ళలో ఎన్ని బోల్టులకి పావు చుట్టు ఇచ్చానో, వాటిలో ఎన్నిటికి ఊపిరాడలేదో అని పడుకునే ముందు కాస్త ఆలోచించాను. ఎక్కువసేపు కాదు. నిద్ర బాగా పట్టింది. దిమ్మల బోల్టుల కోసం పిలిస్తే వస్తానని మీ మేడమ్‌తో చెప్పు. నేను నవ్వుతూ అనడం లేదు.

నీ లేత్ మిషన్ అడగడానికి సిగ్గుపడుతూ సైకిల్ షాపుకి బయల్దేరాను. అతనే సగం దారిలో ఎదురొచ్చాడు. అది వాళ్ళ తలుపులో పట్టడం లేదట, అప్పటి నుంచీ వాకిట్లోనే ఉందట, వెనక్కి తీసుకెళ్ళమని ఎలా చెప్పాలో తెలియక నన్ను తప్పించుకు తిరుగుతున్నాడట. ఇద్దరం రోడ్డు మీదే నవ్వుకున్నాం. ఈసారి మోసింది అతనూ అతని తమ్ముడూ. నన్ను వేలు కూడా వేయనివ్వలేదు అత్తయ్య. తుప్పు పట్టలేదు. తుడిచి నూనె పెట్టాను. మంచం వసారాలోకి వచ్చింది, నడుం నొప్పికి దాని మీద నేనే పడుకుంటున్నాను, హాయిగా ఉంది. దుప్పటి కొనేసింది, ఆకుపచ్చది. నీ మిషన్ మీద కప్పాం.

పాత చోటే నేలలో కూర్చోబెట్టాను. నాలుగు బోల్టులు. ఇది కదలకూడనిదే కదా, నీకేం అభ్యంతరం ఉండదనుకుని మూడింటిని గట్టిగా బిగించి పావు చుట్టు ఇచ్చాను. నాలుగోదాన్ని వేళ్ళతో తిప్పి వదిలేశాను. పానా దాని పక్కనే నేల మీద పెట్టాను. అత్తయ్య ఊడుస్తూ తీయబోతే తీయనివ్వలేదు, దాని చుట్టూ ఊడ్చుకోమన్నాను.

సెలవు దొరికినప్పుడు వచ్చి, ఆ ఒక్క పావు చుట్టు నువ్వు ఇచ్చి వెళ్ళు.

మామయ్య